6 వేల కోళ్ల షెడ్డుకి కన్సెంట్ (కాలుష్య మండలి అనుమతి): కోళ్లు కంపెనీవి, కాగితం మాత్రం రైతుదా?

ప్రశ్న (కాశీనగర్, గజపతి జిల్లా)
మాకు రెండు షెడ్లు, 6 వేల బ్రాయిలర్లు, కాంట్రాక్టు పెంపకం. పిల్లలు, మేత, మందులు కంపెనీ ఇస్తుంది. షెడ్డు, కరెంటు, నీళ్లు, ఊక, ఇంటిల్లిపాది చాకిరీ మావి, కిలోకి ఇంత అని పెంపకం ఛార్జీ వస్తుంది. ఇప్పుడు కాలుష్య నియంత్రణ మండలి కన్సెంట్ తెచ్చుకోమంటున్నారు. కంపెనీ సూపర్‌వైజర్‌ని అడిగితే షెడ్డు మీ పేరునే ఉంది కదా, మీరే చూసుకోండి అన్నాడు. దరఖాస్తు ఇంగ్లీషులో, పట్టా ఒడియాలో ఉన్నాయి, నేను చదివింది తెలుగు. పైగా ఊరికి 500 మీటర్లు ఉండాలట, మా షెడ్డు 200 కూడా లేదు. అప్పు ఇంకా తీరలేదు, షెడ్డు తీసేయాల్సిందేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (గుణుపూర్)
అన్నా, ముందు టెన్షన్ పడకు. ఆ 500 మీటర్ల దూరం 2021లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు వచ్చాక కొత్తగా కట్టే షెడ్లకి. నీది అంతకు ముందుదే అయితే కరెంటు మీటరు కాగితమో, బ్యాంకు లోన్ కాగితమో తేదీ ఉన్నది ఏదైనా తీసి పెట్టుకో. 2015 నాటి మార్గదర్శకాల్లో లక్ష కోళ్ల వరకూ కన్సెంట్ నుంచి మినహాయింపు ఉండేది, 2020లో గ్రీన్ ట్రిబ్యునల్ (పర్యావరణ కేసులు చూసే కోర్టు) దాన్ని మళ్లీ చూడమంది, అక్కణ్ణుంచి వచ్చిందే ఇదంతా. 5 వేల నుంచి 25 వేల కోళ్ల ఫారాలకి కన్సెంట్ రూలు 2023 జనవరి 1 నుంచి వర్తిస్తోంది. 5 వేల లోపుకి కోళ్లు తగ్గించేసి తప్పించుకోవచ్చు అనేవాళ్లూ ఉంటారు, ఆ మాట వినే ముందు వెయ్యికి పైగా కోళ్లు తగ్గితే బ్యాచ్‌కి చేతికి ఎంత వస్తుందో లెక్కేసుకో.

జవాబు (పర్లాకిమిడి)
నేను ఫారం పక్కన ఉండేవాణ్ణి. వానాకాలం కంచంలో అన్నం పెడితే మెతుకులు కనబడవు, ఈగలే. మా అమ్మ దోమతెర దించుకుని లోపల కూర్చుని తింటుంది. చచ్చిన కోళ్లని సంచిలో కట్టి గెడ్డలో (వాగులో) పడేస్తారు, ఆ నీళ్లే కింద ఊరి పశువులు తాగుతాయి. రైతు కష్టం నాకూ తెలుసు, కానీ రూలే లేకపోతే మేం ఎవరికి చెప్పుకోవాలి?

జవాబు (పాతపట్నం)
పై ఆయన బాధ నిజమే, అందులో చాలామటుకు మన చేతిలోనే ఉంది. తడిసిన లిట్టర్‌తోనే (కోళ్ల కింద పరిచే ఊక) కంపు. కోళ్లు నీళ్లు తాగే నిప్పిల్ కారుతుంటే కింద ఊక గడ్డకట్టి అమ్మోనియా పుడుతుంది, వంగితే కళ్లు మండుతాయి చూడండి, అదే. కారేవి మార్చి, గడ్డలు తీసి, సున్నం చల్లి రోజూ తిరగేయండి. చచ్చినవాటిని గోతిలో సున్నం వేసి పూడ్చాలి, గెడ్డలో వేయడం పాపం. ఎరువు మీద వాన పడకూడదు.

కానీ ఈ ఖర్చంతా రైతు నెత్తిన ఎందుకు పడాలి? పిల్ల ఎప్పుడు దింపాలో, ఎన్ని దింపాలో, ఎప్పుడు ఎత్తాలో కంపెనీయే నిర్ణయిస్తుంది, నష్టమొస్తే మన ఛార్జీలో కోస్తుంది, మరి కోళ్లు వాళ్లవైనప్పుడు కన్సెంట్ ఫీజులో వాటా, గోతికి ఖర్చు వాళ్లు ఇవ్వాల్సిందే. ఒక్కడివే అడిగితే తర్వాతి బ్యాచ్ ఆపేస్తారు బాబూ, ఆ కంపెనీకి పెంచే చుట్టుపక్కల రైతులంతా కలిసి రాసి సంతకాలు పెట్టి ఇవ్వండి.

ప్రశ్న అడిగిన రైతు
అందరికీ దండాలు. మీటరు కాగితం దొరికింది, 2017ది. ఇక్కడ మా కంపెనీకే పెంచేవాళ్లు నలుగురున్నారు, ఇద్దరు సంతకానికి ఒప్పుకున్నారు, మిగతావాళ్లకి బ్యాచ్ ఆగుతుందని భయం. అలా రాసి ఇచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఆ కాగితం ఫోటో పెట్టగలరా? ఒడియాలో ఉన్నా పర్వాలేదు, మా అబ్బాయి చదువుతాడు.