స్లో షట్టర్‌తో ఫ్లాష్: మనిషి అంచుల్లోంచి వెనక లైట్లు కనిపిస్తున్నాయి, ఏం చేయాలి?

మాది విజయవాడ. వచ్చే నెల మా అక్క నిశ్చితార్థం. అక్కనీ, కాబోయే బావగారినీ సీతానగరం ఘాట్ మీద నిలబెట్టి, వెనక ప్రకాశం బ్యారేజీ లైట్లు కృష్ణలో మెరిసేలా ఒక్క మంచి ఫొటో తీసివ్వాలని నా ఆశ.

తమ్ముణ్ని నిలబెట్టి ట్రయల్ వేస్తున్నాను. ట్రైపాడ్ మీద ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 400, ఎఫ్/4 (లెన్స్ తెరుచుకునే సైజు), షట్టర్ 2 సెకన్లు పెడితే బ్యారేజీ చక్కగా వస్తోంది. ఫ్లాష్ పడ్డ ముఖం కూడా షార్ప్‌గానే ఉంది. చిక్కంతా అంచుల దగ్గరే. జూమ్ చేస్తే చెవి పక్కన, భుజం మీద వెనక లైట్లు ఒంట్లోంచి కనిపిస్తున్నాయి. ఫ్లాష్ వెలిగేది రెప్పపాటు కూడా కాదు, షట్టర్ మాత్రం తెరిచే ఉంటుంది. ఆ లోపు మనిషి కాస్త ఊగినా ఇలా అవుతుందనుకుంటున్నాను.

రియర్ కర్టెన్ సింక్ (షట్టర్ మూసుకునే ముందు ఫ్లాష్ వెలిగే పద్ధతి) పెడితే తగ్గుతుందా? కదిలే బండ్ల లైట్లకైతే అది బాగుంటుంది, నిలబడ్డ మనుషులకి తేడా ఉంటుందా? లేక ఐఎస్‌ఓ 1600 చేసి, షట్టర్ అర సెకనుకి దించి, ఫ్లాష్ పవర్ రెండు స్టాప్‌లు (అంటే నాలుగో వంతుకి) తగ్గించడం మేలా? నాకు ఇదే సరైన దారి అనిపిస్తోంది, కానీ ముఖాల్లో నాయిజ్ (గరుకు చుక్కలు) వస్తుందేమోనని టెన్షన్.

ఇంకోటి, ఘాట్ లైట్లు పసుపు, ఫ్లాష్ తెలుపు. ముఖం పాలిపోయినట్టు ఉంటోంది. ఫ్లాష్‌కి ఆరెంజ్ జెల్ (ఫ్లాష్ ముందు పెట్టే రంగు షీట్) సగం డోసుది వేయాలా, పూర్తిదా? రాత్రిపూట ఇలా తీసిన అనుభవం ఉన్నవాళ్లు మీ సెట్టింగ్స్ చెప్పండి, ప్లీజ్.