నాయిస్ ఫ్లోర్ 0.1 డీబీ కదిలినా ఛానెళ్లన్నీ బిజీగా కనిపిస్తున్నాయి, ఏం చేయాలి?

నమస్కారం. మాది కాగ్నిటివ్ రేడియో (ఖాళీ ఛానెల్‌ని తానే వెతికి వాడుకునే రేడియో) టెస్ట్ బెంచ్. 8 ఛానెళ్లు, స్లాట్ 100 మిల్లీసెకన్లు, అందులో మొదటి 10 సెన్సింగ్‌కి. స్లాట్‌కి ఒక్క ఛానెలే వినగలం కాబట్టి పీఓఎండీపీగా (స్థితి పూర్తిగా కనిపించనప్పుడు నిర్ణయాలు తీసుకునే గణిత నమూనా) పెట్టి, ఖాళీగా ఉండే అవకాశం ఎక్కడ ఎక్కువుంటే అక్కడికే వెళ్లే మయోపిక్ పాలసీ నడుస్తోంది.

చిక్కంతా ఎనర్జీ డిటెక్టర్‌దే, అంటే అందిన శక్తి ఒక హద్దు (థ్రెషోల్డ్) దాటితే ఛానెల్ బిజీ అని చెప్పేది. సెకనుకు 24 లక్షల శాంపిళ్లు, అంటే ఒక్కో సెన్సింగ్‌కి 24,000. ఫాల్స్ అలారం (ఖాళీ ఛానెల్‌ని బిజీ అనడం) 10 శాతం వచ్చేలా థ్రెషోల్డ్‌ని, పరికరం ఆన్ చేసినప్పుడే బిగించాం. ఎల్ఎన్ఏ (రిసీవర్ మొదట్లో ఉండే లో-నాయిస్ యాంప్లిఫైయర్) వేడెక్కి నాయిస్ 0.1 డీబీ పెరిగితే చాలు, ఫాల్స్ అలారం లెక్క ప్రకారమే దాదాపు 99 శాతానికి చేరుతుంది. అంచనా వేసిన శక్తిలో ఊగిసలాట 0.65 శాతమే, నాయిస్ పెరిగింది మాత్రం 2.3 శాతం. బిలీఫ్ (ఏ ఛానెల్ ఖాళీగా ఉందన్న సంభావ్యత అంచనా) అప్‌డేట్‌కి ఇది తెలియదు, పాత 10 శాతాన్నే నమ్ముతూ ఖాళీ ఛానెల్‌ని కూడా బిజీ అనుకుంటుంది. శాంపిళ్లు పెంచినా లాభం లేదు: నాయిస్ అంచనాలో 1 డీబీ అనిశ్చితి ఉంటే ఎస్ఎన్ఆర్ వాల్ (ఎంతసేపు విన్నా ఇంతకంటే బలహీనమైన సిగ్నల్‌ని పట్టలేని హద్దు) మైనస్ 3.3 డీబీ దగ్గరే ఆపేస్తుంది.

రెండు దారులు తోస్తున్నాయి. ప్రతి 50 స్లాట్లకోసారి ఇన్‌పుట్‌ని 50 ఓమ్ టెర్మినేషన్‌కి మార్చి నాయిస్ కొలవడం ఒకటి. నాయిస్ స్థాయినీ 0.05 డీబీ మెట్లతో దాగిన స్థితిగా బిలీఫ్‌లో కలిపేయడం రెండోది. రెండోదే సరైనదనిపిస్తోంది, కానీ ఛానెళ్లన్నిటికీ నాయిస్ ఉమ్మడి కాబట్టి వాటి బిలీఫ్‌లు ఇక విడివిడిగా ఉండవు. అప్పుడు విటిల్ ఇండెక్స్ (ఒక్కో ఛానెల్‌కి విడిగా మార్కు వేసి ఎక్కువ ఉన్నదాన్ని ఎంచుకునే పద్ధతి) వాడొచ్చా, లేక పార్టికల్ ఫిల్టరే (బిలీఫ్‌ని చాలా నమూనా స్థితులతో, అంటే పార్టికల్స్‌తో, అంచనా వేసే పద్ధతి) శరణ్యమా? చేసి చూసినవాళ్లు ఎన్ని పార్టికల్స్ సరిపోయాయో కూడా చెప్పగలరు.