మ్ఫాంట్సె భాషలో కొత్త మాటలు: గాలిమోటరుకు ఒక దూరపు చుట్టం

ఘానా తీరంలో కేప్ కోస్ట్, ఎల్మినా ప్రాంతాల్లో వినిపించే మ్ఫాంట్సె, అకాన్ భాషకు చెందిన ఒక మాండలికం. అందులో విమానాన్ని ‘ఎవిమ్‌హెన్’ అంటారు. ‘ఎవిమ్’ అంటే ఆకాశం, ‘హెన్’ అంటే ఓడ. సముద్రాన్ని నమ్ముకున్న బెస్తవారికి కొత్త వాహనం ఓడగానే కనిపించడంలో వింత లేదు; తెలంగాణ పల్లెల్లో అదే వాహనం ‘గాలిమోటరు’ అయింది. రెండు చోట్లా పద్ధతి ఒక్కటే: తెలిసిన వస్తువు పేరు తీసుకుని, దానికి ముందు ఒక విశేషణాన్ని తగిలించడం.

ప్రత్యయాలతో పుట్టే మాటల తీరు ఇంకా ముచ్చటగా ఉంటుంది. ‘చెరె’ అంటే చూపించు. దాన్నే రెండుసార్లు పలికితే, ‘చెరెచెరె’, బోధించు అవుతుంది. దీనికి ముందు ‘ఒ’, వెనక ‘న్యి’ చేరిస్తే ‘ఒచెరెచెరెన్యి’, అంటే ఉపాధ్యాయుడు. ఎక్కువమంది అయితే రెండు చివర్లూ మారి ‘అచెరెచెరెఫొ’ అవుతుంది. మన ‘ఆటగాడు, ఆటగాళ్ళు’లో తోక ఒక్కటే మారుతుంది కాబట్టి, మొదలు కూడా మారే ఈ పద్ధతి మనకు కాస్త అలవాటు కావాలి.

అరువు మాటలకూ కొదవలేదు. పోర్చుగీసువారు 1482లో ఎల్మినాలో కోట కట్టారు. రొట్టెకు అక్కడివారు వాడే ‘పానో’ పోర్చుగీసు భాషనుంచి వచ్చిందే. మన పావ్‌భాజీలోని ‘పావ్’ కూడా అదే మాటకు పుట్టిన బిడ్డ.

నాకు అన్నిటికంటే నచ్చినది అకాన్‌లో టెలిఫోనుకు ఉన్న పాత పేరు. ‘అహొమ’ అంటే తాడు, ‘తొరొఫొ’ అంటే అబద్ధాలకోరు. రెండూ కలిస్తే ‘అబద్ధాలకోరు తాడు’. విడివిడిగా రెండు ముక్కలూ తెలిసినవాడు కూడా అది ఫోను అని ఊహించలేడు, ఒకసారి ఎవరైనా చెప్పాక మాత్రం మరచిపోలేడు. మన ‘దూరవాణి’ ఇందుకు పూర్తిగా తలకిందులు. విడదీస్తే అర్థం చేతికందుతుంది, అయినా ఇంట్లో ఎవరూ దాన్ని పలకరు. కొత్త మాట నిలవాలంటే వ్యుత్పత్తి స్పష్టంగా ఉంటే చాలని మన పదకర్తలు పెట్టుకున్న నమ్మకం నాకు అందుకే సందేహాస్పదంగా తోస్తుంది.

సెల్‌ఫోనుకు మీ ఊళ్ళో పెద్దవాళ్ళు వేళాకోళంగా పెట్టుకున్న పేర్లు ఏవైనా ఉంటే, ఊరి పేరుతో సహా ఇక్కడ రాయగలరు.