నాయనకు డై ఎక్కించి కంటి యాంజియో తీయాలన్నారు, కాంట్రాస్ట్ పడదు. ఏం చేయాలి?

మాది కడప దగ్గర పల్లె. మా నాయనకు 68 ఏళ్లు, షుగర్ ఉంది. ఎడమ కంటితో చూస్తే ద్వారబంధం నడుమ వంగినట్టు కనబడుతోందంటాడు. ఓసీటీ (కంటి లోపలి పొరలను చూపే స్కాన్) తీసి, రెటీనా అనే కంటి వెనక పొర కింద నీరు చేరింది, అక్కడ పెరగకూడని రక్తనాళాలు పెరిగి కారుతున్నట్టున్నాయి అన్నారు. తేల్చుకోవడానికి, కంటి రక్తనాళాల ఫొటోలు తీసే యాంజియోకు ఫ్లోరెసిన్, ఐసీజీ (ఇండోసయనిన్ గ్రీన్) అని రెండు డైలు రాశారు. మొదటిది రెటీనా నాళాలను, రెండోది దాని వెనకున్న కోరాయిడ్ పొరలోని నాళాలను బాగా చూపిస్తుందట.

టెన్షన్ ఎక్కడంటే, గతంలో సీటీ స్కాన్‌కు అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఫ్లోరెసిన్‌లో అయోడిన్ ఉండదు, ఐసీజీ మందులో కొంత ఉంటుంది. డాక్టరు గారికి ఎలాగూ చెప్తాం. ఇలాంటి అలర్జీ ఉన్న మీ ఇంటివాళ్లకు ఏం చేశారు? ఐసీజీ మానేసి, డై అక్కర్లేని ఓసీటీ యాంజియోతో సరిపెట్టారా? అందులో నాళాల ఆకారం తెలుస్తుంది గానీ కారడం కనబడదు కదా.

ఫ్లోరెసిన్ తర్వాత ఒళ్లు పసుపుబారడం, మూత్రం రంగు మారడం మామూలేనని తెలుసు. వాంతి సంగతే భయం, ఈయన బస్సెక్కితేనే కవరు పట్టుకుంటాడు. పరగడుపున పోవాలా, షుగర్ మాత్ర వేసుకోవాలా?

కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రిలో ఐసీజీ తీస్తారా, హైదరాబాదు పోవాల్సిందేనా? తీయించుకున్నవాళ్లు చెప్పండి.