ముంపు ఫొటో పెడితే "ఏడుపు ఆపండి" అన్నారు, తప్పు నాదేనా?

లంక గాలి:
మాది ముమ్మిడివరం దగ్గర పల్లె. మొన్నటి వానలకి, నాట్లు ఊడ్చిన పది రోజులకే చేను మునిగింది. చేలో నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క మొక్కలే, నీళ్లు లాగట్లేదు. ఒళ్లు మండి ఊరి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి "ఎవడొచ్చినా ఇంతే, ఈ రాజకీయాలు బాగుపడవు" అని రాశాను. అంతే, మీవాళ్లున్నప్పుడు ఏం పొడిచారని ఒకళ్లు, మీవాళ్లు తిన్నదాని ముందు ఇదెంతని ఇంకొకళ్లు, రాత్రి పన్నెండు దాకా అదే గోల, చేను సంగతి ఎవరికీ గుర్తు లేదు. చివర్లో ఒక పెద్దాయన "ఎప్పుడూ ఏడుపేనా బాబూ, నిర్మాణాత్మకంగా మాట్లాడు" అన్నారు. పంట పోయినవాడు పరిష్కారం కూడా చేతిలో పట్టుకుని వస్తేగానీ నోరు విప్పకూడదా?

దాళ్వా దొర:
విప్పొచ్చండి, కానీ మీరు విప్పింది చేను గురించి కాదు కదా. ఫొటో చేనుది, మాట రాజకీయాలది. జనం మాటే పట్టుకున్నారు. ఏ డ్రెయిను, ఎక్కణ్ణించి ఎక్కడిదాకా పూడింది, ఎన్ని ఎకరాల్లో నీళ్లు నిలిచాయి, ఇవి రాసుంటే కొట్టుకునేవాళ్లు ఎలాగూ కొట్టుకుంటారు, కనీసం ఇద్దరైనా "మా చేలూ అంతే" అని కలిసేవాళ్లు.

పూతరేకు:
దొరగారూ, మునిగిన రోజున మనిషికి ఎకరాల లెక్కలు గుర్తొస్తాయా? నాకైతే ఆ పెద్దాయన మాటే నచ్చలేదు. "నిర్మాణాత్మకం" అనేది చాలాసార్లు నోరు మూసుకోమనడానికి మర్యాదైన పేరు. 2011 సార్వాకి, అంటే ఖరీఫ్‌కి, కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని నాట్లే వెయ్యలేదు, గుర్తుందా? అదీ ఫిర్యాదే, అప్పుడూ రాజకీయం చేస్తున్నారన్నవాళ్లు ఉన్నారు. చివరికి ప్రభుత్వం, సీఎస్‌గా చేసిన మోహన్ కందాతో కమిటీ వెయ్యాల్సి వచ్చింది. అయితే ఒకటి ఒప్పుకోవాలి, వాళ్లు ఊరికే తిట్టలేదు, గిట్టుబాటు ధర, ముంపు, కూలి ఖర్చు అని దేనికది విడదీసి అడిగారు.

లాకు దగ్గర:
మా నాన్న నీటి సంఘంలో చేశారు, 1997లో ఆ సంఘాల చట్టం వచ్చిన కొత్తల్లో. ఆయన చెప్పేది ఒకటే, మనం తప్పు నెలలో అరుస్తాం. కాలువలకి నీళ్లు కట్టేసేది ఎండాకాలంలో, పూడిక తీతకి ఎస్టిమేట్లు వేసేదీ పనులు జరిగేదీ అప్పుడే. ఆ రోజుల్లో గ్రూపులో మామిడికాయ ఫొటోలు, ఐపీఎల్. జూన్‌లో నీళ్లొదిలాక, ఆగస్టులో చేను మునిగాక తిట్టుకుంటాం. అప్పుడు డెక్క మీద మందు కొట్టడం తప్ప ఎవడూ చేసేది ఉండదు. ఇంకోటి, పంట కాలువలు చూసేవాళ్లు వేరు, డ్రెయిన్లు చూసేవాళ్లు వేరు. చాలామంది కాలువల ఆఫీసులో అర్జీ ఇచ్చి ఏడాదంతా ఎదురుచూస్తారు. పని జరిగినట్టు బిల్లు అయిందేమో అనుమానం ఉంటే సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

కాకినాడ కాజా:
పార్టీలవాళ్లతో ఏ నెలలో మాట్లాడినా ఒకటేనండి, ఆయ్.

పూతరేకు:
అలా అనకండి. 2022 మేలో జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో జరిగిన గొడవల తర్వాత నెట్ ఆపేశారు కదా. మా ఊళ్లో గ్రూపులో పచ్చి బూతులు రాసుకునే ఇద్దరు ఆ రోజుల్లో ఒకే టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఎరువుల ధర గురించి మాట్లాడుకున్నారు. నెట్ రాగానే మళ్లీ మామూలే అనుకోండి.

లంక గాలి:
ఇవాళ పొద్దున్నే బండేసుకుని డ్రెయిన్ గట్టు మీద వెళ్లి చూశాను. వంతెన దగ్గర నుంచి కిందికి కిలోమీటరున్నర పూర్తిగా మూసుకుపోయింది. అదే గ్రూపులో రాశాను, ఈసారి "ఎవడొచ్చినా" లేకుండా. నలుగురే జవాబిచ్చారు. అందులో ఇద్దరు మొన్న నన్ను తిట్టినవాళ్లే, వాళ్ల చేలు నాకంటే పల్లంలో ఉన్నాయట. సోమవారం ముగ్గురం కలిసి డ్రెయిన్ల ఆఫీసుకి వెళ్తున్నాం. పెద్దాయన మాత్రం బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకున్నారు.