6,670 టన్నుల నీలగిరి తరగతికి 32 బరాక్‌లు, 8 బ్రహ్మోస్‌లు సరిపోతాయా?

సాగరకెరటం:
ప్రాజెక్ట్ 17ఎ (నీలగిరి తరగతి) ఫ్రిగేట్లు, అంటే మధ్యస్థాయి యుద్ధనౌకల్లో ఉదయగిరి, హిమగిరి 2025 ఆగస్టు 26న మన విశాఖలోనే నౌకాదళంలో చేరాయి. పొడవు 149 మీటర్లు. అంత ఓడలో విమానాలను, క్షిపణులను కూల్చే బరాక్-8 క్షిపణులను నిలువుగా పేల్చే సెల్స్ (గూళ్లు) 32, ఓడల మీద వేసే బ్రహ్మోస్ క్షిపణులు 8 మాత్రమే. చైనా 054ఎ ఫ్రిగేట్ దాదాపు 4,000 టన్నుల ఓడ, దానికీ 32 సెల్సే. ఇంత ఓడ కట్టి సగం ఖాళీగా వదిలేశారన్నది నా వాదన. కాదనేవాళ్లు లెక్కతో రండి.

కొలతబద్ద:
054ఎ 32 సెల్స్‌లోనే జలాంతర్గాముల మీద వేసే రాకెట్లు కూడా సర్దుకోవాలండీ. పైగా దాని విమాన విధ్వంసక క్షిపణి హెచ్‌క్యూ-16కి చివరి క్షణం దాకా ఓడ రాడారే లక్ష్యాన్ని పట్టి చూపించాలి. అలా చూపే రాడార్లు ఎన్నుంటే ఏకకాలంలో అన్నింటినే కొట్టగలదు. బరాక్-8 ముక్కులో సొంత రాడార్ ఉంది, దారిలో ఓడ మీది ఎంఎఫ్-స్టార్ రాడార్ దిశ సరిచేస్తే చాలు. మన పాత ఫ్రిగేట్ శివాలిక్‌తో పోల్చి చూడండి: 24 ష్టిల్ విమాన విధ్వంసక క్షిపణులు, ఒకే చేయి ఉన్న లాంచర్, ఒకదాని తర్వాత ఇంకొకటి వెళ్లడానికి సుమారు 12 సెకన్లు. ఇంకోమాట, 7,400 టన్నుల విశాఖపట్నం తరగతి డిస్ట్రాయర్‌కీ బరాక్‌లు 32 మాత్రమే!

సాగరకెరటం:
దానికి బ్రహ్మోస్‌లు 16 ఉన్నాయిగా. బరువు సాకు చెప్పొద్దు. క్యానిస్టర్‌తో (క్షిపణిని ఉంచే గొట్టంతో) ఒక్కోటి 3.9 టన్నులు, ఎనిమిదికి 31. లాంచర్ కలిపి 60 అనుకుందాం. ఓడ గురుత్వ కేంద్రానికి 4 మీటర్ల పైన పెట్టినా కేంద్రం లేచేది మూడున్నర సెంటీమీటర్లు. దానికే ఓడ ఒరిగిపోతుందా?

డ్రైడాక్:
ఒరగదు. అసలు చిక్కు బరువు కాదు, చోటు. బ్రహ్మోస్ పొడవే 8.4 మీటర్లు, అంటే దాని గూడు మూడు డెక్కుల లోతుకు దిగుతుంది. ఆ మేరకు నడవాలు, గాలి గొట్టాలు, కేబుల్ దారులు అన్నీ పక్కకు జరగాలి. నీరు చొరబడని బల్క్‌హెడ్ల (అడ్డుగోడల) మధ్య దూరం మారితే ఏ గదులు మునిగినా ఓడ తేలుతుందా అన్న లెక్క మళ్లీ మొదటి నుంచి. చుట్టూ నీళ్లు చిమ్మే ఏర్పాటు, మంట బయటికి పోయే దారి వేరే. 17ఎలో పైపులు, కేబుళ్లు ముందే బిగించిన బ్లాకులను తెచ్చి అతికారు. కాగితం మీద చేయాల్సిన మార్పును బ్లాకు వచ్చాక చేస్తే కోతే గతి. మీరైతే దేన్ని తీసేస్తారు? రెండు హెలికాప్టర్లను నిలిపే హ్యాంగర్‌నా?

సాగరకెరటం:
ఒక హెలికాప్టర్ చోటు ఇచ్చేస్తా.

కొలతబద్ద:
జలాంతర్గాములను వెతికే ఓడకు అది కుదరని బేరం. నా ఫిర్యాదు వేరే ఉంది. సెల్‌కు ఒకే బరాక్ పడుతుంది. పాశ్చాత్య నౌకల మార్క్-41 సెల్‌లో ఇఎస్‌ఎస్‌ఎం అనే చిన్న క్షిపణులు నాలుగు పడతాయి. ఒక్కో లక్ష్యానికి రెండేస్తే మన 32 బరాక్‌లూ 16 లక్ష్యాలతో సరి, సముద్రంలో మళ్లీ నింపుకోలేం. 2023 డిసెంబరులో ఎర్ర సముద్రంలో ఫ్రెంచ్ ఫ్రిగేట్ లాంగ్‌డాక్, డ్రోన్ల మీద ఆస్టర్-15 క్షిపణులు వాడాల్సి వచ్చింది. దాని దగ్గర ఉన్నవే 16. మనకు బరాక్ తర్వాత 76 మి.మీ. తుపాకీ, దగ్గరికొచ్చిన వాటిని కాల్చే ఎకె-630 తుపాకులే దిక్కు. కాబట్టి నేనడిగేది కొత్త సెల్స్ కాదు, ఉన్న సెల్‌లో నాలుగు పట్టే చిన్న క్షిపణి.