స్కూల్ క్యాంటీన్‌లో కూల్‌డ్రింకులు అమ్మొచ్చా?

మావాడు ఆరో తరగతి. రోజూ 20 రూపాయలు పట్టుకెళ్లి ఇంటర్వెల్‌లో కూల్‌డ్రింకు తాగేస్తున్నాడు, లంచ్ బాక్సేమో సగం అలాగే తిరిగొస్తోంది, పళ్ల డాక్టరు గారు రెండు పిప్పిపళ్లు చూపించి నావైపు ఓ చూపు చూశారు. స్కూల్లో ఇవి అమ్మొచ్చా అసలు?

జవాబు 1:
అమ్మకూడదండీ. 2020లో ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) తెచ్చిన నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్నవి స్కూల్లోనే కాదు, గేటు నుంచి 50 మీటర్ల లోపు కూడా అమ్మకూడదు. పాటించేదెవరు అంటే అది వేరే కథ. సీబీఎస్ఈ స్కూలైతే 2025 మేలో ‘షుగర్ బోర్డు’ (దేంట్లో ఎంత చక్కెర ఉందో పిల్లలకి చూపించే బోర్డు) పెట్టమన్నారు, పెట్టారా అని అడగండి.

జవాబు 2:
టీచర్‌ని. మామూలు కోలాలో 100 మి.లీ.కి పదిన్నర గ్రాముల చక్కెర, అంటే 250 మి.లీ. సీసాలో ఆరు చెంచాల పైమాటే. రోజు మొత్తానికి 25 గ్రాములు దాటకపోతే మంచిదని డబ్ల్యూహెచ్ఓ అంటుంది, మీవాడు ఇంటర్వెల్‌లోనే దాటేస్తున్నాడు! ఇక ఆకలెక్కడిది? పళ్లకి చక్కెరతో పాటు అందులోని యాసిడ్ కూడా దెబ్బే. గుక్కగుక్కగా గంటసేపు తాగితే ఇంకా నష్టం.

జవాబు 3:
పండ్లరసం డబ్బాలకి మార్చేరు సుమా, వాటిలోనూ చక్కెర తక్కువేం కాదు. మేం మజ్జిగ సీసా పంపుతున్నాం, మొదటి వారం గొడవ చేశాడు.

అడిగినవారు:
థాంక్సండీ. 20 రూపాయలు ఈరోజు నుంచే బంద్. సోమవారం ప్రిన్సిపల్‌ని కలుస్తా.